సందక్‌ఫూ దారిలో తడిసిన స్లీపింగ్ బ్యాగు: నా అనుభవం

పశ్చిమ బెంగాల్–నేపాల్ సరిహద్దులోని సందక్‌ఫూ శిఖరం (3,636 మీటర్లు) నుంచి ఫాలుట్‌కి సింగలీలా కొండల వెన్ను మీదుగా సుమారు 21 కిలోమీటర్లు. నవంబరు, ఎదురుగా కాంచనజంగ, చుట్టూ ఎండిన గడ్డి. ఎంత నడిచినా తనివి తీరని దారి.

మొదటి రాత్రి సబర్‌గ్రామ్ దగ్గర గాలి తగలదు కదా అని పల్లంలో టెంటు వేశాను. చలికి భయపడి జిప్పులన్నీ బిగించాను. తెల్లవారుజామున మొహం మీద టప్పున చుక్క పడింది. టార్చి వేస్తే లోపలి గుడ్డంతా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగు కాళ్ల దగ్గర తడిసి ముద్దయింది. టెంటు కారుతోందనుకున్నాను. బయట చూస్తే వాన జాడే లేదు. అదంతా నా ఊపిరే, చల్లటి గుడ్డకు తగిలి నీరైంది. రాత్రి చల్లగాలి పల్లంలోకే దిగుతుంది, అందుకే అక్కడ మరీ ఎక్కువ.

మధ్యాహ్నం ఆగిన చోట బ్యాగు తిరగేసి ఎండలో పరిచాను. ఫాలుట్‌లో కాస్త మెరక చూసి, ఇరుకు వైపు గాలికి ఎదురుగా ఉండేలా టెంటు వేశాను. పై గుడ్డ లోపలిదానికి ఆనకుండా తాళ్లు లాగి కట్టాను. రెండు వైపులా గాలి కిటికీలు బెత్తెడు తెరిచాను. తడి సాక్సులు కవర్లో మూటగట్టాను. అన్నిటికంటే ముఖ్యం, మంకీ క్యాపు పెట్టుకుని ముక్కు బ్యాగు బయటే ఉంచాను. చలి వేసింది, నిజమే. పొద్దున పై గుడ్డ మీద పలచగా మంచు పేరుకుంది గానీ, లోపల వేలితో రాస్తే పొడిగా ఉంది.