మండె విప్పితే మొలక లేదా? విత్తనం చచ్చిందో, నిద్రపోతోందో ముందు తేల్చండి

మండె అంటే నానేసిన వడ్లు మొలకెత్తడానికి కట్టిపెట్టే మూట. ఏప్రిల్ నెలాఖరు వచ్చిందంటే నాకు ఒకటే ఫోన్లు. "అన్నా, మండె విప్పితే పదింట్లో రెండు గింజలకి కూడా ముక్కు పగల్లేదు. విత్తనం పోయినట్టేనా?" రబీ వడ్లు కోసి పదిహేను రోజులు కాలేదు. సోమశిల ప్రాజెక్టు నీళ్లు వదులుతున్నారని తెలియగానే ఎడగారుకి, అంటే మా నెల్లూరు వైపు వేసవిలో వేసే వరికి, ఆ వడ్లే నానేసుంటారు. నేను అడిగేది ఒక్కటే: నానేసే ముందు వంద గింజలు మొలకేసి చూశారా? అవతల ఉలుకూ పలుకూ ఉండదు.

పైసా ఖర్చు లేని పని అది. గోతాం పైనుంచి గుప్పెడు తియ్యడం కాదు, నడుమ నుంచీ అడుగు నుంచీ కూడా తియ్యాలి. వంద గింజలు తడి గోనెముక్కలో పేర్చి, చుట్టి, తడి ఆరకుండా నీడన పెట్టండి. వారం చాలు. ధ్రువీకరణ విత్తనానికే కనీసం 80 శాతం మొలక అంటారు కాబట్టి 80 మొలిస్తే దిగులు లేదు. తగ్గితే, మొలవని గింజల్ని గోటితో నొక్కండి. గట్టిగా, లోపల తెల్లగా ఉంటే నిద్రపోతున్నట్టు, అంటే ప్రాణం ఉంది గానీ ఇంకా మొలిచే టైము రాలేదు. మెత్తబడి, పాలు కారి, పులిసిన వాసన కొడితే చచ్చినట్టు.

చచ్చిందంటే: ఆ "16" నన్నూ ముంచింది

నాలుగేళ్ల కిందట నా సొంత విత్తనం ఇట్లానే పోయింది. సాయంత్రం కోత మిషను కోసింది. వడ్లు ట్రాలీలోనే రాత్రంతా పట్ట కింద ఉన్నాయి. తెల్లారి కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఎండలో పోస్తే సరిపోతుందిలే అనుకున్నా. మూడు రోజులు ఎండబెట్టా. పైకి బంగారంలా ఉన్నాయి, చేత్తో కదిపితే గలగలమన్నాయి. అమ్మకానికి పోయే వడ్లతో పాటు వీటినీ తేమ మీటరులో పెడితే 16 చూపించింది. ఇంకేం అనుకుని, అదే సాయంత్రం, గింజ వేడి తగ్గకముందే లోపల ప్లాస్టిక్ పొర ఉన్న యూరియా సంచుల్లో పోసి మూతి కట్టేశా. ఇరవై రోజుల తర్వాత వందకి పన్నెండు మొలిచాయి. నిద్రేమోనని, నిద్ర లేపే యాసిడ్ నీళ్లలో (కింద చెప్తా) కూడా నానబెట్టా. లేవలేదు.

ఎక్కడ బోల్తా పడ్డానో చూడండి. వడ్లు కొనేవాళ్లు తేమ 17 శాతం వరకూ ఒప్పుకుంటారు. అది మిల్లుకి పోయే గింజ లెక్క. విత్తనానికి 13 దాటకూడదు. మిల్లుకి పోయే గింజలో ప్రాణం ఉన్నా లేకపోయినా బియ్యం వస్తాయి. విత్తనానికి అది కుదరదు. కాటా దగ్గర సరిపోయింది కదా అని విత్తనానికీ సరిపోతుందనుకున్నా, అంతే.

పైగా ముందు ఎండేది పొట్టు. లోపలి బియ్యంలో నీరు నిదానంగా బయటికొస్తుంది. మూతి కట్టాక లోపలి తేమ మళ్లీ గింజంతా సర్దుకుంటుంది. తేమ ఉన్న గింజ ఊపిరి తీసుకుంటుంది, వేడెక్కుతుంది, గాలాడని సంచిలో ఆ వేడి పోయే దారి ఉండదు. పట్ట కింద ఆ మొదటి రాత్రి సగం చంపింది, సంచి మిగతా సగం చంపింది.

దీనికి మందు ఓపిక. కోసిన రాత్రి కుప్ప వెయ్యొద్దు, ఎంత పొద్దుపోయినా పలచగా పరిచి పడుకోండి. రెండు మూడు సెంటీమీటర్ల మందం చాలు. పచ్చి గింజని మొదటి రోజే మిట్టమధ్యాహ్నం సిమెంటు కల్లం మీదో తారు రోడ్డు మీదో పొయ్యకండి. తేమ ఎక్కువున్నప్పుడు 43 డిగ్రీలు దాటితే మొలక దెబ్బతింటుంది, మే నెల సిమెంటు అంతకంటే బాగా ఎక్కువ కాలుతుంది. ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ, మళ్లీ సాయంత్రం ఎండ. అరగంటకోసారి కాలితో తిరగెయ్యాలి. నీడన ఉన్న ఆ రెండు మూడు గంటల్లో లోపలి తేమ పైకొస్తుంది, కాబట్టి ఆ టైము దండగ కాదు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పొద్దు వాలకముందే ఎత్తి కప్పెయ్యండి, లేదంటే పగలు పోయిన తేమ రాత్రి తిరిగొస్తుంది.

మీటరు లేకపోతే ఉప్పు ఉంది. పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు ఒక చెంచా, పొడి గాజు సీసాలో మూడో వంతు వడ్లు. బాగా ఊపి పదిహేను నిమిషాలు ఆగండి. ఉప్పు సీసాకి అంటితే తేమ 15 పైన ఉన్నట్టు. అంటకపోతే 15 లోపు, అంతేగాని 13 వచ్చిందని కాదు. ఇంకో రెండు మంచి ఎండలు తగలనివ్వండి. తర్వాత గింజ పూర్తిగా చల్లారాకే గోనె సంచిలో పోసి, గోడకి దూరంగా చెక్కల మీద పెట్టండి.

నిద్రపోతోందంటే

ఇది తేలిక. కొత్త వడ్లలో చాలా రకాలకి రెండు మూడు వారాల నిద్ర ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బాగా ఎండిన గింజైతే వేసవి వేడికే త్వరగా తేరుకుంటుంది. పచ్చి గింజని చంపే వేడే ఎండిన గింజని లేపుతుంది, అందుకే ఆరబెట్టడంలో తొందరపడొద్దనేది.

ఆగే టైము లేకపోతే గాఢ నత్రికామ్లం. కిలో విత్తనానికి లీటరు నీళ్లు, అందులో 6.3 మి.లీ. యాసిడ్. నిద్ర గట్టిదైతే 10 మి.లీ. ప్లాస్టిక్ టబ్బులో ముందు నీళ్లు పోసి, అందులోకి యాసిడ్ మెల్లిగా వంచాలి. యాసిడ్‌లో నీళ్లు పోశారో, ఎగిరి ముఖాన పడుతుంది. చేతులకి తొడుగులు ఉండాలి, ఇనుప డ్రమ్ము పనికిరాదు. 24 గంటలు నాననిచ్చి, మంచి నీళ్లతో బాగా కడిగి, 24 గంటలు మండె కట్టండి. మొత్తం విత్తనం ముంచే ముందు గుప్పెడుతో చేసి చూడండి. ఆ గుప్పెడు మొలిస్తే మిగతాదీ నానెయ్యండి. మొలవకపోతే యాసిడ్ డబ్బులు మిగుల్చుకుని వేరే విత్తనం వెతుక్కోండి.

మిగతావి

తాలు ఎక్కువుంటే నీళ్లలో తేలుతుంది, తీసెయ్యండి. మండె మరీ బిగించి కట్టి, మధ్యలో ఒకసారైనా నీళ్లు చల్లకపోతే నడుమ గింజ ఉడికిపోతుంది, ఇది అరుదు. వేరుశనగ గుత్తి రకాలకి నిద్ర దాదాపు లేదు, తీగ రకాలకి ఉంటుంది. ఒంగోలు వైపు నుంచి శనగ వాళ్లు కూడా నిద్ర గురించే అడుగుతుంటారు. ఫిబ్రవరి, మార్చిలో కోసిన శనగ మళ్లీ భూమిలో పడేది అక్టోబరు, నవంబరులో. నిద్ర ఉన్నా ఈలోపు తీరిపోతుంది. గింజకి చిల్లు ఉందేమో చూడండి, పురుగు తినేసి ఉంటుంది.