షేర్ ఆటో బెంచీ సీటు ముక్కిన వాసన వస్తోందా? ఇలా బాగుచేసుకోండి

రావులపాలెం, అమలాపురం వైపు తిరిగే షేర్ ఆటోలో పొద్దున చేపల గంప ఎక్కుతుంది, మధ్యాహ్నం అరటి గెలలు, సాయంత్రం నీళ్లోడుతున్న గొడుగులు. ముసురు పట్టిందంటే నాలుగు రోజుల్లో వెనక బెంచీ ముక్కిన వాసన కొడుతుంది. పైన ఎంత తుడిచినా పోదు. రెగ్జిన్ నీళ్లు పీల్చదు. కుట్ల సందుల్లోంచి దిగిన నీళ్లని లోపలి ఫోమ్ పట్టుకుని వదలదు.

ముందు కుట్టు పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కండి. దారం వెంట నీటి బొట్లు తేలాయా, సీటు విప్పాల్సిందే. బోల్టులు తీసి (కింద చిల్లర దొరకొచ్చు, అది మీ అదృష్టం) సీటు తిరగేయండి. అడుగున ప్లైవుడ్ ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మెత్తగా దిగబడితే చెక్క మార్చాలి, రంగేసి కప్పిపుచ్చితే లాభం లేదు.

అంచు పిన్నులు పీకి ఫోమ్ బయటికి తీయండి. బట్టలు పిండినట్టు మెలితిప్పితే చిరుగుతుంది. పాత తువ్వాలు పరిచి అరచేతులతో అదమండి, తర్వాత నిలబెట్టి ఫ్యాన్ గాలికి ఉంచండి. మన డెల్టా తేమలో ఒక్క రాత్రికి ఆరదు, రెండు మూడు రోజులు పడుతుంది. రోజూ తిరిగే బండికి అంత టైమ్ ఎక్కడిదంటారా? నిజమే, అందాకా ఎవరిదైనా పాత సీటు అడిగి తెచ్చుకోండి. తడి ఫోమ్‌నే మూసేస్తే కథ మళ్లీ మొదటికే. ఆరాక కూడా వాసన ఉంటే వంటసోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున దులపండి.

మళ్లీ బిగించేటప్పుడు ఫోమ్ పైన పాలిథిన్ షీటు వేయండి. అడుగు వైపు మాత్రం మూయొద్దు, గాలి ఆడాలి. విడిన కుట్లు నైలాన్ దారంతో వేయించండి, నూలు దారం తడికి చివికిపోతుంది. బ్లేడు గాటు పడితే పైన టేపు వద్దు. ఎండకి జిగురు కారి ప్యాంట్లకి అంటుకుంటుంది. లోపలి వైపు రెగ్జిన్ ముక్క పెట్టి సొల్యూషన్ జిగురుతో అతికించండి.

తుడవడానికి సబ్బు నీళ్లలో ముంచి పిండిన గుడ్డ చాలు. పెట్రోల్, థిన్నర్ తగిలితే రెగ్జిన్ బిరుసెక్కి పగులుతుంది. కొబ్బరి నూనె రాస్తే మెరుస్తుంది, కాదనను. కానీ గంటలో దుమ్మంతా దానికే పడుతుంది. పెళ్లికని తెల్ల పంచె కట్టుకుని ఎక్కినాయన దిగాక వెనక్కి తిరిగి చూసుకుంటే, ఛార్జీ అడగడానికి మీకే మొహం చెల్లదు.