టోక్యో యాత్ర స్వయంబోధిని, నాలుగవ పాఠం: దిగే స్టేషను చాలదు, బయటికి వచ్చే ద్వారం కావాలి

ఈసారి భోజనం గురించి చెబుతానని మూడవ పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాటను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. ఏ రైలు ఎక్కాలో నేర్పిన ఆ పాఠాన్ని చదువుకొని టోక్యో చేరిన మూడు కుటుంబాలు మూడు చోట్ల చిక్కుకొని నాకు ఉత్తరాలు రాశాయి. మూడు చిక్కులకూ కారణం నేను తెలిసిన సంగతే కదా అని వదిలేసిన విషయాలే కనుక, ముందు వాటిని సరిచేసి తీరాలి.

గుంటూరు నుండి వచ్చిన దంపతులు నిషి కసాయిలో ఉన్న తమ కుమారుడి ఇంటికి బయలుదేరి, ఆ స్టేషను కళ్ళ ముందే దాటిపోగా ఉరయాసులో దిగారు. హైదరాబాదు కుటుంబమొకటి అసాకుసాలో దిగి, ఎర్రటి పెద్ద లాంతరు వేలాడే కామినారిమోన్ ద్వారం కనబడక, డెబ్బై ఏళ్ళ నాయనమ్మను ఎండలో నడిపించుకొంటూ వెళ్ళింది. మూడవ కుటుంబం షింజుకులో తూర్పు వైపు బయటపడి, పడమట ఉన్న నగర ప్రభుత్వ భవనం కోసం నలభై నిమిషాలు తిరిగి, పిల్లలు ఏడవడంతో హోటలుకు తిరిగి వెళ్ళిపోయింది.

మొదటిదాన్ని త్వరగా ముగిస్తాను. నిషి కసాయిలో భారతీయ కుటుంబాలు, వాటిలో మన తెలుగువారు కూడా, చాలామంది ఉండడం వలన ఆ స్టేషను పేరు మనవాళ్ళందరికీ తెలుసు. అయితే అది ఉన్న తోజాయ్ లైనులో ఒకే పట్టాల మీద రెండు రకాల రైళ్ళు నడుస్తాయి. లోకల్ ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది. రాపిడ్ తోయోచో దాటిన తరువాత మినామి సునామాచి, నిషి కసాయి, కసాయి అనే మూడింటినీ వదిలేసి నేరుగా ఉరయాసులో ఆగుతుంది. మన ప్యాసింజరుకూ ఎక్స్‌ప్రెస్సుకూ ఉన్న తేడాయే ఇది, కాకపోతే రెండింటికీ టికెట్టు ఒకటే కనుక ఎవరూ ఆపి చెప్పరు. ప్లాట్‌ఫాం పైనున్న బోర్డు మీద రైలు రకం జపనీస్‌లోనూ ఇంగ్లీషులోనూ మారుతూ కనబడుతుంది. ఇంగ్లీషు వచ్చేవరకు ఆగి చదివి ఎక్కండి. పొరబాటున ఉరయాసు చేరితే గేటు దాటకుండా ఎదుటి వైపు లోకల్ ఎక్కి రెండు స్టేషన్లు వెనక్కు రావడమే.

రైలు కార్డు కొనడం, అందులో డబ్బు వేయడం, గేటు దగ్గర తాకించడం నేను వివరించను. హైదరాబాదు మెట్రో ఎక్కినవారికి అది నేర్పనక్కరలేదు. పిల్లల సంగతి అడిగినవారికి మాత్రం ఒక మాట: ఆరు నుండి పదకొండేళ్ళ వారికి సగం చార్జీ, వారి కార్డును పాస్‌పోర్టు చూపించి కౌంటరులో తీసుకోవాలి. ఆరేళ్ళ లోపు వారు టికెట్టు ఉన్న ఒక్కొక్కరి వెంట ఇద్దరు చొప్పున ఉచితంగా ప్రయాణించవచ్చు.

ఇక అసాకుసా. హైదరాబాదు కుటుంబం అకిహబారాలో ఉన్న హోటలు నుండి బయలుదేరి, మ్యాపులో అసాకుసా అనే పేరు చూసి, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే లైను ఎక్కింది. 2005లో మొదలైన ఆ లైనులో అసాకుసా అనే స్టేషను నిజంగానే ఉంది. కానీ గింజా లైను, తోయెయ్ అసాకుసా లైను, తోబు రైల్వే, ఈ మూడింటి అసాకుసా స్టేషన్లు నది పక్కన ఒకదానికొకటి ఆనుకొని ఉంటే, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అసాకుసా వాటికి పడమరగా సుమారు 600 మీటర్ల దూరంలో ఉంది. అక్కడ దిగినవారు సెన్సోజి ఆలయానికి పక్కవాటుగా చేరుతారు. లాంతరు ద్వారం గుండా ప్రవేశించి, సుమారు 250 మీటర్ల నకామిసే అంగళ్ళ వీధిలో నడిచి, ఆలయం ముందు నిలబడడమనే వరుస పూర్తిగా తారుమారవుతుంది. తిరుపతిలో దిగి అలిపిరి చూడకుండా కొండపైకి చేరడం లాంటిది. దర్శనం అవుతుంది గాని వచ్చిన తోవ గుర్తుండదు.

దీనికి విరుగుడు స్టేషను సంకేతం. 2004 నుండి టోక్యో భూగర్భ రైళ్ళలో ప్రతి స్టేషనుకూ ఒక అక్షరం, ఒక అంకె ఇచ్చారు. గింజా లైను అసాకుసా జి 19, తోయెయ్ అసాకుసా ఎ 18, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అసాకుసా టిఎక్స్ 03. పేరు ఒకటే అయినా సంకేతాలు వేరు. నేను ఊళ్ళో ఎవరికి దారి చెప్పినా పేరు చెప్పను, సంకేతమే చెబుతాను. దీనివలన ఇంకొక లాభమూ ఉంది. అదే గింజా లైనులో అకసాకా మిత్సుకే అనే స్టేషనుంది, దాని సంకేతం జి 05. అసాకుసా, అకసాకా అనే రెండు పేర్లను మన చెవి కలిపేస్తుంది, సంకేతాలను కలపలేదు. జి 19లో దిగి ఒకటవ ద్వారం నుండి పైకి వస్తే లాంతరు ద్వారం నాలుగడుగుల దూరం. నాలుగవ ద్వారం మీద ఆలయ గోపురం వంటి పైకప్పు చూసి ముచ్చటపడి అటు వెళ్ళేవారున్నారు. అది నది వైపు తెరుచుకొంటుంది, స్కైట్రీ అనే ఎత్తైన గోపురానికి నడిచి వెళ్ళేటప్పుడు మాత్రమే పనికివస్తుంది.

షింజుకు దగ్గర నాకు ఓపిక నశిస్తుంది. ప్రయాణికుల సంఖ్యలో ప్రపంచంలోనే మొదటిదిగా గిన్నిస్ పుస్తకానికెక్కిన ఈ స్టేషనును అయిదు సంస్థలు పంచుకొంటున్నాయి. ద్వారాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. ఇది తెలిసి కూడా మనవాళ్ళు ‘షింజుకులో దిగి ఎవరినైనా అడుగుదాం’ అనుకొని వస్తారు. అడిగితే జపనీయులు మర్యాదగా చెబుతారు, కొందరు వెంట వచ్చి చూపిస్తారు కూడా. కానీ మీరు ఏ గేటు లోపల ఉన్నారో మీకే తెలియనప్పుడు వారు మాత్రం ఏ దారి చూపగలరు? సికింద్రాబాదు స్టేషనులో ఒకటో ప్లాట్‌ఫాం వైపు ఆటో మాట్లాడుకొని పదో ప్లాట్‌ఫాం వైపు బయటికి వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. డ్రైవరు ఫోనులో ‘ఎదురుగానే ఉన్నా’నంటాడు, మీరూ ఎదురుగానే ఉంటారు, మధ్యలో పట్టాలుంటాయి. ఆ రెండు వైపులను రెండు వందలు చేసి, సగం భూమి లోపలికి దించితే అది షింజుకు.

పట్టాలను ఏరు అనుకోండి. ఏటికి అవతల ఉన్న ఊరికి వెళ్ళాలంటే ఇవతలి గట్టున ఎంత నడిచినా ప్రయోజనం లేదు, వంతెన దొరకాలి. షింజుకులో ఆ ఏరు ఉత్తర దక్షిణాలుగా పారుతుంది. కబుకిచో అనే వినోదాల పేట దీపాలు, పెద్ద తెరపై కదిలే పిల్లి బొమ్మ తూర్పు గట్టున ఉన్నాయి. నగర ప్రభుత్వ భవనం, ఎత్తైన హోటళ్ళు పడమటి గట్టున ఉన్నాయి. దూరప్రాంతాలకు వెళ్ళే బస్సుల టెర్మినల్ దక్షిణాన ఉంది. 2020 జూలైలో గేటు దాటి బయటికి వచ్చిన తరువాత కూడా తూర్పు పడమరల మధ్య నేరుగా నడిచే దారి తెరవడంతో ఇప్పుడు కష్టం కొంత తగ్గింది. అయినా ఆ దారి ఉందని తెలియనివారు స్టేషనును చుట్టి వస్తూనే ఉన్నారు. మూడవ కుటుంబం చేసినదదే. రైలు దిగగానే అందరూ పోతున్న మెట్ల వైపు పోవడం, మెట్ల పైన కనబడిన మొదటి గేటు దాటడం, దాటిన తరువాత ఫోను తీయడం: ఈ మూడూ తిరగబడాలి. ఫోను చూసే పని రైలు ఎక్కకముందు జరగాలి. ప్లాట్‌ఫాం మీద పసుపురంగు బోర్డు వెతకాలి, ఎందుకంటే బయటి ద్వారాలను పసుపుతో చూపడం అక్కడి వాడుక. ఆ బోర్డులో మీ ద్వారం పేరు కనబడేవరకు ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు. గుంపు ఎటు పోతే అటు పోవడం తిరునాళ్ళలో సరిపోతుంది గాని షింజుకులో ఆ గుంపు ఆఫీసుకు పోతోంది, మీరు కాదు.

నిజం చెప్పాలంటే ప్రభుత్వ భవనానికి నేను షింజుకు గుండా వెళ్ళనే వెళ్ళను. ఓఎదో లైనులో తోచోమాయె అనే స్టేషను ఆ భవనం పక్కనే భూమి లోపల ఉంది. ఉయేనో దగ్గర బస చేసినవారు ఉయేనో ఒకాచిమాచిలో ఎక్కి అక్కడ దిగితే ఏరు దాటే పనే ఉండదు. ఆ లైను చాలా లోతున నడుస్తుంది, ఎస్కలేటర్లు తరగనే తరగవు, కానీ ముసలివారికి అవే మేలు. 45వ అంతస్తులో, 202 మీటర్ల ఎత్తున ఉన్న వీక్షణశాలకు ప్రవేశం ఉచితం. డబ్బు పెట్టి ఎక్కే గోపురాలు టోక్యోలో ఎన్ని ఉన్నా, నలుగురున్న కుటుంబానికి నేను ముందుగా చెప్పేది దీన్నే. చలికాలపు ఉదయం ఆకాశం తేటగా ఉంటే ఫుజి పర్వతం కూడా కనబడుతుంది.

ఉయేనోలో కష్టం ఇంకొక తీరుది. అక్కడ ఒకే పేటలో ఉయేనో, ఒకాచిమాచి, ఉయేనో హిరోకోజి, ఉయేనో ఒకాచిమాచి, నకా ఒకాచిమాచి అని అయిదు పేర్ల స్టేషన్లు నడక దూరంలో ఉన్నాయి. అసాకుసాలో ఒక పేరుకు నాలుగు చోట్లయితే, ఇక్కడ ఒక చోటుకు అయిదు పేర్లు. జంతుప్రదర్శనశాలకు, మ్యూజియములకు వెళ్ళేవారు జేఆర్ (జపాన్ రైల్వే) ఉయేనోలో దిగి పార్కు ద్వారం నుండి రావాలి. ఆ ద్వారం కొండ ఎత్తునే ఉంటుంది, 2020లో చోటు మార్చి తిరిగి కట్టిన తరువాత రోడ్డు దాటే అవసరమూ లేకుండా పోయింది. భూగర్భ రైలులో వచ్చినవారు పల్లంలో తేలి కొండ ఎక్కవలసివస్తుంది. 1882లో తెరిచిన ఆ జంతుప్రదర్శనశాలకూ, పక్కనున్న జాతీయ మ్యూజియముకూ సాధారణంగా సోమవారం సెలవు. సోమవారం ప్రభుత్వ సెలవుదినమైతే ఆ రోజు తెరిచి మరునాడు మూసివేస్తారు.

హరజుకుకు ఒక్క వాక్యం చాలు: మెయిజి మందిరపు అడవికి పడమటి ద్వారం, మెయిజి జింగుమాయె అనే భూగర్భ స్టేషను హరజుకు స్టేషను పక్కనే ఉన్నదే గాని వేరే ఊరు కాదు.

షిబుయాలో పిల్లలకు ఒక వింత చూపండి. భూగర్భ రైలైన గింజా లైను అక్కడ మూడవ అంతస్తులో ఆగుతుంది. షిబుయా లోయలో ఉండడం వలన, పక్క మెరక కింద సమంగా వచ్చిన రైలు లోయ దగ్గర గాలిలోకి వచ్చేస్తుంది. ఫుకుతోషిన్ లైను మాత్రం భూమి లోపల అయిదవ అంతస్తులో ఉంది. ఈ రెండింటి మధ్య ఏడు అంతస్తుల (అక్కడ నేల అంతస్తే ఒకటవది) తేడాను ‘మారే సమయం అయిదు నిమిషాలు’ అని ఫోను చెబితే, పసిపిల్లల బండి ఉన్నవారు దాన్ని పదిహేనుగా లెక్కించుకోవాలి. లిఫ్టు ఉన్న ద్వారం అనేక ద్వారాలలో ఒకటో రెండో ఉంటుంది, అది మీరు కోరుకున్న వైపు ఉండకపోవచ్చు. పెద్ద కూడలికీ, చనిపోయిన యజమాని కోసం స్టేషను దగ్గర ఏళ్ళ తరబడి ఎదురుచూసిన హచికో కుక్క విగ్రహానికీ హచికో ద్వారమే దారి. 1934లో తొలి విగ్రహం పెట్టినప్పుడు ఆ కుక్క ఇంకా బ్రతికే ఉంది. ఇప్పుడున్నది 1948లో పెట్టినది.

టోక్యో స్టేషనులో డిస్నీలాండ్ కోసం కెయ్యో లైను ఎక్కేవారు అదే స్టేషనులో పది, పదిహేను నిమిషాలు నడవాలని ముందే తెలుసుకొంటే చాలు.

కుటుంబంలో ఒకరు రైలులో ఉండిపోయి మిగతావారు దిగిపోతే ఏం చేయాలో బయలుదేరే ముందే అందరూ అనుకోవాలి. మా ఇంట్లో నియమం ఇది: రైలులో మిగిలినవారు తరువాతి స్టేషనులో దిగి ప్లాట్‌ఫాం మీదనే కదలకుండా నిలబడాలి, దిగినవారు తరువాతి రైలులో అక్కడికి రావాలి. ఇద్దరూ వెతకడం మొదలుపెడితే ఇద్దరూ దొరకరు. రాపిడ్ రైళ్ళు ఉన్న లైనులో ‘తరువాతి స్టేషను’ అంటే ఆ రైలు ఆగే తరువాతి స్టేషను అని పిల్లలకు విడమరచి చెప్పండి, నేను అలా చెప్పనందువల్లనే మా అబ్బాయి నన్ను ఒక గంట నిలబెట్టాడు.

అభ్యాసం

మీ యాత్రలోని ప్రతి ప్రయాణానికీ ఒక్కొక్క చీటీ చొప్పున ఇంట్లోనే రాయండి. చీటీలో ఎక్కే స్టేషను సంకేతం, లైను, రైలు రకం, దిగే స్టేషను సంకేతం, బయటి ద్వారం, ఆ ద్వారానికి లిఫ్టు ఉన్నదా లేదా అనేవి ఉండాలి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ చీటీ లెక్కలోకి రాదు. నాలుగు రోజుల యాత్రకు సుమారు ఇరవై చీటీలవుతాయి, ఎక్కువే, రాయవలసిందే. తరువాత వాటిని ఇంట్లో పెద్ద పిల్లకు ఇచ్చి, మీరు నోరు మెదపకుండా, కాగితం మీద ఆ పిల్ల మిమ్మల్ని అకిహబారా నుండి లాంతరు ద్వారానికి తీసుకువెళ్ళగలదేమో చూడండి. ఆ పిల్ల ‘టిఎక్స్ 03’ అన్నదంటే మళ్ళీ మొదటి చీటీ నుండి మొదలుపెట్టండి.