శంషాబాద్‌లో ఇంటర్నేషనల్ ఫ్లైట్ ముందు లాంజ్‌కి వెళ్తున్నారా, అయితే ఇవి చూసుకోండి

మన దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది, డొమెస్టిక్‌లో వైజాగ్‌కో ఢిల్లీకో వెళ్లేటప్పుడు లాంజ్‌లో (ఎయిర్‌పోర్టులో కూర్చుని తినడానికి ఉండే ప్రత్యేక హాలు) క్రెడిట్ కార్డు గీకి రెండు రూపాయలకి ఇడ్లీలు తిన్నాం కాబట్టి అమెరికా వెళ్లేటప్పుడు కూడా అదే కార్డు పనిచేస్తుందనుకుంటాం. చాలా కార్డులకి ఇంటర్నేషనల్ లాంజ్ ఉండదండీ. కొన్నిటికి ప్రయారిటీ పాస్ (లాంజ్‌లకి వెళ్లడానికి వాడే మెంబర్‌షిప్ కార్డు) ఇస్తారు గానీ అది ఇండియా బయటే ఫ్రీ, ఇక్కడ వాడితే తర్వాత బిల్లులో డాలర్ల లెక్కన పడుతుంది. ఇంకోటి, కిందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే ఎంట్రీ అని కూడా కొన్ని బ్యాంకుల రూలు, నాకు ఇది అర్ధరాత్రి ఒంటిగంటకి రిసెప్షన్ ముందు నిలబడ్డాక తెలిసింది, వెనకాల క్యూలో వాళ్లందరూ నా మొహమే చూస్తున్నారు. అందుకే ఇంట్లోనే బ్యాంక్ యాప్ తీసి చూసుకోండి.

పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకి కొడుకు కార్డు చేతికిచ్చి పంపితే కుదరదు, కార్డు మీద పేరూ బోర్డింగ్ పాస్ మీద పేరూ ఒకటే ఉండాలి. యాడ్-ఆన్ కార్డు (మీ కార్డు కిందే వాళ్ల పేరుతో వచ్చే ఇంకో కార్డు) తీసిస్తే దానికి లాంజ్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

టైమ్ లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఫ్లైట్ తెల్లారుజామున 3:30కి అనుకోండి, చాలా ఎయిర్‌లైన్స్ 20 నిమిషాల ముందే గేటు మూసేస్తాయి, బోర్డింగ్ 2:30 ప్రాంతంలో మొదలవుతుంది. లాంజ్ ఉండేది ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటాక, కాబట్టి 12కి చేరి లగేజీ ఇచ్చేసి ఆ రెండు క్యూలూ దాటేసరికి ఒంటిగంటన్నర అవ్వచ్చు, అంటే మీకు మిగిలేది గంట. లేటైతే లాంజ్ సంగతి మర్చిపోయి నేరుగా గేటు దగ్గరికే వెళ్లండి.

లోపల ముందు చార్జింగ్ ప్లగ్ ఉన్న సీటు పట్టుకోండి. తిండి మాత్రం డబ్బులు వసూలు చేసుకోవాలన్నట్టు తినకండి బాబూ, విమానం ఎక్కిన గంటా రెండు గంటల్లో మళ్లీ భోజనం పెడతారు, బిర్యానీ కుక్కేసి గంటల తరబడి సీట్లో కూర్చోవడం ఎంత నరకమో ఆ తర్వాత తెలుస్తుంది. పెరుగన్నం ఉంటే అది చాలు. డబ్బాలో కట్టుకుని తీసుకెళ్లనివ్వరు. స్నానానికి షవర్ ఉందా అని రిసెప్షన్‌లోనే అడగండి. ఖాళీ బాటిల్ తెచ్చుకుని ఉంటే నీళ్లు ఇక్కడే నింపుకోండి.

లాంజ్‌లో అనౌన్స్‌మెంట్ వస్తుందని మాత్రం నమ్ముకోవద్దు. మా నాన్న ఆ మెత్తటి కుర్చీలో గురక పెట్టేశారు, లేపి గేటు దాకా పరిగెత్తించాం. ఫోన్లో అలారం పెట్టుకోండి, గేటు నంబర్ బోర్డు మీద మళ్లీ చూసుకోండి, మారుతుంటాయి.

కార్డు మీద ఫ్రీ లాంజ్ విజిట్లు ఇన్నే అని లెక్కగా ఉంటే, ఇద్దరెళ్తే రెండు తగ్గుతాయి కదా, నేనైతే ఇక్కడ వాడను, దోహాలోనో దుబాయ్‌లోనో ఆరేడు గంటలు ఆగాల్సి వస్తే అక్కడ వాడతా.