రన్ బటన్ లేకుండా లీట్‌కోడ్: ఇంటర్వ్యూకి పనికొచ్చేలా ప్రాక్టీస్ చేయడం ఎలా

కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే సైట్ లీట్‌కోడ్‌లో నాలుగు వందల ప్రాబ్లమ్స్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లి, పది నిమిషాలకే నోట మాట రాక కూర్చున్నవాణ్ణి నేను. కంపెనీ పేరు అనవసరం, తప్పు వాళ్లది కాదు. వాళ్లిచ్చింది ఉత్త టెక్స్ట్ ఎడిటర్, అందులో కోడ్ నడిపి చూసుకునే రన్ బటన్ లేదు, ఎదురుగా ఉన్నాయన "ఏం ఆలోచిస్తున్నారో చెప్తూ రాయండి" అన్నాడు. నాకున్న అలవాటల్లా ఏదో ఒకటి రాయడం, రన్ కొట్టడం, ఎర్రగా వస్తే ప్లస్ వన్ ఉన్నచోట మైనస్ వన్ పెట్టడం, మళ్లీ రన్ కొట్టడం. ఆ బటన్ తీసేస్తే నా దగ్గర మిగిలింది ఏమీ లేదని అక్కడ తెలిసింది. తర్వాత పద్ధతి మార్చి మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి నూట అరవై దగ్గరే ఆపేశాను, ఉద్యోగం వచ్చింది. ఆ పద్ధతే ఇది.

ముందు ఏ సైట్ అన్నది తేల్చుకోండి. ఐదారు చోట్ల అకౌంట్లు తెరిచి ఎక్కడా పాతిక దాటనివాళ్లు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. ఇంటర్వ్యూ కోసమైతే లీట్‌కోడ్ చాలు. కోడ్‌ఫోర్సెస్, కోడ్‌షెఫ్ పోటీ ప్రోగ్రామింగ్ కోసం పెట్టినవి, సరదా ఉంటే హాయిగా చేయండి, కానీ ఇంటర్వ్యూలు మూడు నెలల్లో ఉన్నాయంటే అటు పోవద్దు. హ్యాకర్‌ర్యాంక్‌ని మాత్రం పూర్తిగా వదిలేయకండి, ఎందుకంటే మొదటి వడపోత, అంటే ఆన్‌లైన్ అసెస్‌మెంట్, చాలా కంపెనీలు అలాంటి ప్లాట్‌ఫామ్ మీదే పెడతాయి. లీట్‌కోడ్‌లో ఫంక్షన్ తయారుగా ఉంటుంది, లోపల రాస్తే సరిపోతుంది. అసెస్‌మెంట్లలో చాలాసార్లు ఇన్‌పుట్ మనమే చదువుకోవాలి: మొదటి లైన్లో టెస్ట్ కేసులు (కోడ్‌ని పరీక్షించే ఇన్‌పుట్లు) ఎన్నో, తర్వాత ఎన్, అంటే నంబర్లు ఎన్నో, ఆ తర్వాత స్పేసులతో వరసగా నంబర్లు. లాజిక్ మొత్తం వచ్చి కూడా ఇన్‌పుట్ చదవడం దగ్గరే పావుగంట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఒక ఆదివారం కూర్చుని హ్యాకర్‌ర్యాంక్‌లో తేలికైనవి ఓ పది చేస్తే ఆ భయం పోతుంది. ఇంకో తేడా కూడా ఉంది. లీట్‌కోడ్‌లో అన్ని టెస్టులూ పాసైతేనే యాక్సెప్టెడ్, కానీ చాలా అసెస్‌మెంట్లలో పాసైన కేసుల మేరకు మార్కులు పడతాయి, కాబట్టి అక్కడ మంచి ఐడియా కోసం గోళ్లు కొరుక్కుంటూ కూర్చోకుండా ముందు బ్రూట్ ఫోర్స్, అంటే అన్ని అవకాశాలూ ఒక్కొక్కటిగా చూసే మొరటు పద్ధతి, రాసి సబ్మిట్ చేసేయండి, తర్వాత మెరుగుపరచుకోవచ్చు.

ఇక లిస్టు. లీట్‌కోడ్‌లో మూడు వేలకు పైగా ప్రాబ్లమ్స్ ఉన్నాయి, ఒకటో నంబరు టూ సమ్ నుంచి వరసగా చేసుకుంటూ పోతే రిటైర్మెంట్ దాకా సరిపోతాయి. బ్లైండ్ 75, నీట్‌కోడ్ 150, స్ట్రైవర్ ఏ టు జెడ్ షీట్, ఇవన్నీ ముఖ్యమైన ప్రాబ్లమ్స్ ఏరి పెట్టిన లిస్టులు, వీటిలో ఒకటి పట్టుకోండి. బేసిక్స్ బలహీనంగా ఉండి ఆరు నెలల టైమ్ ఉంటే స్ట్రైవర్ షీట్, మూడు నెలలుంటే నీట్‌కోడ్ 150, నెలే ఉంటే బ్లైండ్ 75. ఏది మంచిదని సీనియర్లను అడుగుతూ వారం గడిపేయకండి, లోపల సరుకు చాలావరకు ఒకటే. భాష కూడా అంతే, సీప్లస్‌ప్లస్, జావా, పైథాన్‌లలో చేతికి అలవాటైనది ఉంచుకోండి, మధ్యలో మార్చారంటే నెల పోయినట్టే.

ఇప్పుడు అసలు విషయం, ప్రాబ్లమ్ తెరిచాక ఏం చేయాలన్నది. చాలామంది చదవకుండా వదిలేసేది అడుగున ఉండే కన్‌స్ట్రెయింట్స్, అంటే ఇన్‌పుట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దులు. సగం జవాబు అక్కడే ఉంటుంది. మామూలు లెక్క ఏమిటంటే, సెకనుకి ఓ పది కోట్ల చిన్న ఆపరేషన్లు జరుగుతాయనుకోండి (పైథాన్‌లో ఇంకా తక్కువ). ఎన్ లక్ష వరకు ఇచ్చాడా? రెండు లూపులు ఒకదానిలో ఒకటి పెడితే వెయ్యి కోట్లు, కచ్చితంగా టైమ్ లిమిట్ దాటుతుంది. అదే సార్టింగ్ చేసి ఒకసారి నడిస్తే పదిహేడు లక్షల చిల్లర, సుఖంగా అయిపోతుంది. ఎన్ ఇరవై లోపు ఇచ్చాడంటే అన్ని కాంబినేషన్లూ చూడమని చెప్పకనే చెప్తున్నాడు, రెండు పవర్ ఇరవై పది లక్షలు దాటి కొంచెం, అంతే. విలువలు వంద కోట్ల దాకా ఉండి వాటిని కూడమన్నాడంటే 32 బిట్ల ఇంట్ (పూర్ణ సంఖ్యలు దాచుకునే మామూలు టైపు) 214 కోట్ల దగ్గరే ఆగిపోతుందని గుర్తుంచుకోండి, మూడు నంబర్లు కూడితేనే పొంగిపోతుంది. ఇది కొత్తవాళ్ల తప్పని తీసిపారేయకండి. జావా లైబ్రరీలో ఉన్న, సార్ట్ చేసిన లిస్టుని సగం సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లోనే మధ్య విలువ కోసం రెండు చివరలూ కూడే లైన్లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా ఒప్పుకున్నాడు.

ఒక ప్రాబ్లమ్ దగ్గరగా చూద్దాం, 560వ నంబరు, సబ్‌అర్రే సమ్ ఈక్వల్స్ కే. అర్రేలో, అంటే వరసగా పేర్చిన నంబర్లలో, పక్కపక్కన ఉన్నవాటి మొత్తం కే అయ్యేలా ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టాలి. చూడగానే చెయ్యి స్లైడింగ్ విండో వైపు, అంటే పక్కపక్క నంబర్ల మీద ఒక కిటికీని కుడివైపు పెంచుతూ ఎడమవైపు కుదిస్తూ జరిపే పద్ధతి వైపు, పోతుంది, నాదీ అలాగే పోయింది. అర్రే 1, మైనస్ 1, 2 అనుకోండి, కే విలువ 2. విండోలోకి 1 తీసుకున్నాం, మొత్తం 1. మైనస్ 1 తీసుకున్నాం, సున్నా. 2 తీసుకున్నాం, మొత్తం 2, ఒకటి దొరికింది, అయిపోయింది. కానీ చివరి 2 ఒక్కటీ కూడా ఒక ముక్కే కదా, దాన్ని విండో పట్టుకోలేదు. మొత్తం కే కన్నా పెరిగితే ఎడమవైపు నుంచి కుదించాలన్న లెక్క నెగటివ్ నంబర్లు వస్తే చెల్లదు, కుదిస్తే మొత్తం తగ్గుతుందన్న గ్యారంటీ ఉండదు. అందుకని మొదటి నుంచి ఇక్కడి దాకా మొత్తం ఎంతో రాసుకుంటూ పోతాం: 1, 0, 2. ప్రతిచోటా "ఇప్పటి మొత్తంలోంచి కే తీసేస్తే వచ్చే విలువ ఇంతకుముందు ఎన్నిసార్లు కనిపించింది" అని హ్యాష్ మ్యాప్‌ని, అంటే ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో దాచుకునే పట్టికని, అడుగుతాం. చివర మొత్తం 2, అందులోంచి 2 తీస్తే సున్నా, అది రెండుసార్లు కనిపించింది: ఏమీ తీసుకోకముందు ఒకసారి, మైనస్ 1 దగ్గర ఒకసారి. జవాబు 2. మొదలుపెట్టక ముందే మ్యాప్‌లో సున్నాకి ఒకటి అని వేయాలి, అందరూ మర్చిపోయేది అదే.

దీన్ని వీడియోలో చూసి "ఆ, అర్థమైంది" అనుకుంటే మూడో రోజుకి ఉండదు. నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ముప్పై నుంచి నలభై నిమిషాలు కాగితం మీద కుస్తీ పట్టాలి, దారి దొరక్కపోతే సొల్యూషన్ చదవాలి, అందులో సిగ్గేమీ లేదు, కానీ చదివాక ఆ ట్యాబ్ మూసేసి ఖాళీ పేజీలో మొత్తం మళ్లీ రాయాలి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి, నెలకి మరోసారి. మూడోసారి పది నిమిషాల్లో వస్తే ఆ ప్రాబ్లమ్ మీదైనట్టు.

వీటన్నిటికీ రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి, అందులో కోడ్ రాయొద్దు, తప్పు ఎందుకు జరిగిందో ఒక్క లైన్లో రాయండి. నా దాంట్లోవి కొన్ని: "560: నెగటివ్‌లు ఉన్నాయని చూడకుండా విండో మొదలెట్టా." "బీఎఫ్‌ఎస్ (గ్రాఫ్‌లో నోడ్లను దగ్గరి నుంచి పొరలు పొరలుగా చూసే పద్ధతి): విజిటెడ్ అని క్యూలోంచి తీసేటప్పుడు కాదు, వేసేటప్పుడే పెట్టాలి, లేకపోతే ఒకే నోడ్ పదిసార్లు దూరుతుంది." "ఖాళీ అర్రే సంగతి అడగలేదు." అరవై లైన్లు అయ్యేసరికి ఒకటి బయటపడింది, సగం తప్పులు ఆల్గారిథమ్ రాక జరిగినవి కావు, ప్రశ్న సరిగ్గా చదవక జరిగినవి.

తర్వాత మాట్లాడటం. ఇది లేకే నేను మునిగాను. వారానికి రెండు రోజులు రూమ్మేట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గూగుల్ డాక్‌లో, నలభై ఐదు నిమిషాలు టైమర్ పెట్టుకుని చేయండి. వాడికి కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు, "అదెందుకు?" అని అడిగితే చాలు. మొదట ప్రశ్న మీ మాటల్లో తిరిగి చెప్పండి, అనుమానాలు అడగండి, బ్రూట్ ఫోర్స్ ఏమిటో దానికి ఎంత టైమ్ పడుతుందో చెప్పండి, అప్పుడు మెరుగైనది, ఆ తర్వాతే కోడ్. రాశాక చిన్న ఉదాహరణ తీసుకుని వేలు పెట్టి లైను లైనుకీ నడిపించండి, రన్ బటన్ చేసే పని అదే. మనలో చాలామందికి ఇంకో ఇబ్బంది ఉంది, ఆలోచన తెలుగులో నడుస్తుంది, నోరు ఇంగ్లిష్‌లో తెరవాలి, రెండూ ఒకేసారి అంటే టెన్షన్‌కి అదీ రాదు ఇదీ రాదు. నేను ఒకే ప్రాబ్లమ్‌ని ముందు తెలుగులో వివరించి, వెంటనే ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకునేవాణ్ణి. మొదటి రికార్డింగ్ వినడం నరకం, అయినా వినండి.

కాంటెస్టులు ఉపయోగమే. లీట్‌కోడ్ వీక్లీ మన టైమ్ ప్రకారం ఆదివారం పొద్దున ఎనిమిదికి మొదలవుతుంది, గంటన్నరలో నాలుగు ప్రాబ్లమ్స్. రెండు వస్తే సంతోషించండి. గడియారం నడుస్తుంటే బుర్ర పనిచేయడం అలవాటవుతుంది, అంతకుమించి రేటింగ్ గురించి పట్టించుకోకండి. స్ట్రీక్, అంటే రోజూ ఒకటైనా చేస్తే పెరిగే వరస లెక్క, అయితే ఇంకా దండగ, రాత్రి పదకొండున్నరకి స్ట్రీక్ పోతుందని పాత ఈజీ ఒకటి కాపీ చేసి సబ్మిట్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. లీట్‌కోడ్ ప్రీమియం డబ్బులు ఇప్పుడే కట్టొద్దు, ఫలానా కంపెనీ ఇంటర్వ్యూ తేదీ వచ్చాక ఆ కంపెనీ ట్యాగులు, అంటే ఆ కంపెనీ పేరు మీద ఉన్న ప్రశ్నలు, చూడటానికి ఒక నెలకి తీసుకుంటే చాలు. చాట్‌జీపీటీని "జవాబు చెప్పొద్దు, ఒక్క హింట్ ఇవ్వు" అని అడగండి, లేదా మీ కోడ్ ఇచ్చి అది ఫెయిలయ్యే ఇన్‌పుట్ చెప్పమనండి, దానికి బాగా పనికొస్తుంది.

చివరి నాలుగు రోజులు కొత్త ప్రాబ్లమ్ ముట్టుకోవద్దు. నోట్‌బుక్‌లోంచి రోజుకి ఐదారు తీసి ఖాళీ పేజీలో రాయండి. ఆన్‌లైన్ అసెస్‌మెంట్ ఇంట్లోంచి రాస్తుంటే ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జ్, ఫోన్లో హాట్‌స్పాట్ ముందే ఒకసారి కనెక్ట్ చేసి చూసుకోవడం, వాట్సాప్ వెబ్ మూసేయడం మర్చిపోవద్దు, ఎందుకంటే ట్యాబ్ మారితే గమనించే టెస్టులు చాలానే ఉన్నాయి. ఆ గంటన్నర సేపు మిక్సీ వేయొద్దని అమ్మకి కూడా ముందే చెప్పి పెట్టండి.