మేక మెడ వెనక్కి విరిచి ఆకాశం చూస్తుంటే

దాళ్వా కోతలప్పుడు కల్లాల్లో మేకలు ధాన్యం, నూకలు అతిగా మేస్తాయి. పొట్ట పులిసి, బి1 విటమిన్ థయామిన్ కరువై మెదడు వాస్తుంది. మేక మెడ వెనక్కి విరిచి ఆకాశం చూస్తుంది, తూలుతుంది, గోడకు తల ఆనిస్తుంది. కంటి ముందు చెయ్యి ఆడించినా రెప్ప వెయ్యదు. టార్చి వేస్తే మాత్రం కంటిపాప చిన్నదవుతుంది.

జ్వరంతో, ఒక చెవి వాలి, ఒకవైపే గుండ్రంగా తిరిగితే లిస్టీరియా అనే బ్యాక్టీరియా జబ్బును అనుమానించాలి. దానికి యాంటీబయాటిక్ కావాలి. రేబిస్ కూడా కావచ్చు, చొంగను ఒట్టి చేతుల్తో ముట్టొద్దు.

వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చెయ్యండి. థయామిన్ కిలోకు 10 మి.గ్రా.: మొదటిది డాక్టరు నరానికి నెమ్మదిగా ఇస్తారు, తర్వాత ఆరు గంటలకోసారి కండకు. 20 కిలోల మేకకు 200 మి.గ్రా. బి-కాంప్లెక్స్ సీసాల్లో థయామిన్ తక్కువుండొచ్చు, లేబుల్ చూసి లెక్కగట్టండి. నోట్లో ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పడిపోతే రొమ్ము మీద కూర్చోబెట్టి, పక్కన గడ్డి కుక్కిన గోనె దన్నుగా పెట్టండి.