టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోందా? కొత్త కంప్యూటర్ కొనేముందు క్లిప్పు సంగతి చూడండి

లక్షణం అందరికీ ఒకటే. ఇంట్లో పెళ్లి వీడియోనో, పాప పుట్టినరోజు వీడియోనో ప్రీమియర్, రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తారు. ప్లే నొక్కితే మాట సాగిపోతుంది, బొమ్మ మాత్రం బిగుసుకుపోతుంది. వెంటనే "గ్రాఫిక్స్ కార్డు మార్చాలి" అని తీర్మానించేస్తారు.

మార్చే ముందు ఒక్క మాట చెప్పండి. ఆ క్లిప్పులు ఎక్కడున్నాయి? కెమెరా కార్డును రీడర్‌లో పెట్టి నేరుగా అక్కడి నుంచే ఎడిట్ చేస్తున్నారా? పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోనా? పెన్‌డ్రైవ్‌లోనా? ముందు వాటిని కంప్యూటర్ లోపలి ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేసి మళ్లీ ప్లే చేయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టండి. బ్యాటరీ మీద నడిచేటప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఈ రెండూ చూడకుండా నాకు ఫోన్ చేసేవాళ్లకు లెక్కే లేదు, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అయినా తగ్గలేదంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌ను పక్కన పెట్టుకుని, తడబడే ముక్కనే ప్లే చేయండి. మెమరీ నిండిపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం. 8 జీబీతో ఫోర్‌కే ఎడిటింగ్ కుదరదు. 16 ఉంటే నడుస్తుంది, 32 ఉంటే హాయి. డిస్క్ నూటికి నూరు చూపిస్తే పైన చెప్పిందే మళ్లీ చదవండి. సీపీయూ, అంటే ప్రాసెసర్, నూటికి చేరి, జీపీయూ, అంటే గ్రాఫిక్స్, పేజీలో "వీడియో డీకోడ్" (కుదించిన వీడియోను విప్పే పని) అనే చిన్న గ్రాఫ్ మాత్రం నేలకు అతుక్కుని ఉంటే, నాకు చుక్కలు చూపించిన జబ్బు అదే.

ఒక మెషీన్ సంగతి చెబుతాను. కోర్ ఐ7 13700ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 కార్డు, 32 జీబీ ర్యామ్. దాని మీద తడబడే క్లిప్పే, విడిగా గ్రాఫిక్స్ కార్డే లేని ఐ5 12400 మీద వెన్నలా కదిలింది. ఖరీదులో సగం కూడా లేని మెషీన్ అది.

లోపం మెషీన్‌ది కాదు, క్లిప్పు రకానిది. హెచ్.265 అంటే వీడియోను కుదించి దాచే ఒక పద్ధతి. ఆ ఫైల్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ముందూ వెనకా ఫ్రేములతో వచ్చిన తేడాలే ఉంటాయి. ఎడిటర్‌లో ఒక ఫ్రేమ్ చూడాలంటే చుట్టుపక్కలవన్నీ విప్పాలి. ఈ పని కోసమే చిప్పుల్లో ప్రత్యేకంగా డీకోడర్ ఉంటుంది. అయితే అది అన్ని రకాలనూ విప్పలేదు. రంగుల సమాచారం ఎంత దాచాలో చెప్పే అంకెలు కొన్ని ఉంటాయి. ఫోన్లు సాధారణంగా 4:2:0 రకంలో తీస్తాయి, దాన్ని దాదాపు ఈమధ్య వచ్చిన కార్డులన్నీ విప్పుతాయి. సోనీ ఏ7 4, కెనాన్ ఆర్6 లాంటి మిర్రర్‌లెస్ కెమెరాలు 10 బిట్ 4:2:2లో కూడా తీస్తాయి. అందులో రంగుల సమాచారం రెట్టింపు. దీన్ని ఎన్విడియా 30, 40 సిరీస్ కార్డుల డీకోడర్లు విప్పలేవు, 50 సిరీస్ నుంచే ఆ సదుపాయం వచ్చింది. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ మాత్రం హెచ్.265 4:2:2ను విప్పుతుంది. ఆపిల్ ఎం1, ఆ తర్వాతి చిప్పులూ అంతే.

ఇప్పుడు ఆ "ఎఫ్" అక్షరం చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్‌లో ఆ లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. కాస్త చవక కాబట్టి, "కార్డు ఎలాగూ వేస్తున్నాం కదా సార్" అంటూ కొటేషన్‌లో అదే వచ్చి కూర్చుంటుంది. ఆటలాడుకునేవాళ్లకు నష్టం లేదు. మనకు మాత్రం చేతి చమురు వదులుతుంది.

నిర్ధారణకు మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పు తెరవండి. ఫార్మాట్ హెచ్‌ఈవీసీ (హెచ్.265కే ఇంకో పేరు), క్రోమా సబ్‌శాంప్లింగ్ 4:2:2, బిట్ డెప్త్ 10 అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఫార్మాట్ ఏవీసీ (హెచ్.264) అని ఉండి 4:2:2 ఉంటే చాలా ఇంటెల్ చిప్పులు కూడా కాపాడవు, నేరుగా ప్రాక్సీకి, అంటే ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి నకలుకు, వెళ్లండి.

ప్రాసెసర్‌లో ఎఫ్ లేకపోయినా తడబడుతోందా? కార్డు బిగించాక కొన్ని మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయండి. కొన్ని బోర్డుల్లో ఆ సెట్టింగ్ పేరు ఐజీపీయూ మల్టీ మానిటర్. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా కింద హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు, అందులోని ఇంటెల్‌కు టిక్ పెట్టి, ప్రోగ్రామ్ మూసి తెరవండి. ఆ వీడియో డీకోడ్ గ్రాఫ్ ఇంటెల్ జీపీయూ పేజీలో పైకి లేస్తే పని అయినట్టే.

ఎఫ్ ప్రాసెసర్ ఇప్పటికే కొనేశారా? టెన్షన్ వద్దు. క్లిప్పులన్నీ ఎంచుకుని 1080పీ ప్రోరెస్ ప్రాక్సీలు చేయించండి. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ విడిగా ఉంటుంది కాబట్టి సీపీయూకు భారం తక్కువ. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దుటికి సిద్ధంగా ఉంటాయి. స్థలం మాత్రం తింటాయి. ఎక్స్‌పోర్ట్ అసలు క్లిప్పుల నుంచే జరుగుతుంది, నాణ్యత పోతుందని భయపడక్కర్లేదు. మున్ముందు తీసేవాటికైతే, రంగులు దిద్దే ఉద్దేశం లేకపోతే కెమెరాలోనే 4:2:0 పెట్టుకోండి.

బొమ్మ బాగానే నడుస్తూ, పోనుపోను మాటకూ పెదవులకూ పొంతన తప్పుతుంటే అది వేరే గోల. ఫోన్ క్లిప్పులో ఫ్రేమ్ రేట్ మారుతూ ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకోండి.

మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత మందగిస్తే వేడి. మే నెలలో విజయవాడలో, ఏసీ లేని గదిలో, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి ఎడిట్ చేస్తే ఇంకేమవుతుంది? ఫ్యాన్ దుమ్ము దులిపించండి. చెడిపోయిన ర్యామ్, వైరస్, విండోస్ పాడవడం లాంటివి ఈ లక్షణానికి కారణమవడం చాలా అరుదు. వాటి జోలికి చివర్లో వెళ్లండి.

ఇదంతా చూశాక కూడా కొత్తది కొనాల్సి వస్తే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లినా ఆన్‌లైన్‌లో కొన్నా ఎఫ్ లేని ఇంటెల్, రెండు ముక్కలుగా 32 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అడగండి. గ్రాఫిక్స్ కార్డు డబ్బు మిగిలితేనే. దుకాణంలో డెమో మెషీన్ ఉంటే మీ కెమెరా క్లిప్పు దాని డిస్క్‌లోకి కాపీ చేసి, ఎడిటర్‌లో వేసి ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. వాళ్లు చూపించే డెమో వీడియో చూసి డబ్బు కట్టకండి.